రాళ్ళు ఏరుకున్న నేల

మారిషస్ నుంచి మాట్లాడుతున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. నా తెలుగులో అక్కడక్కడ క్రియోల్ వాసన తగిలితే మన్నించండి. మా నాయనమ్మ దగ్గర విన్నది కొంత, బళ్ళో నేర్చుకున్నది కొంత, హైదరాబాదులో శిక్షణకి వచ్చినప్పుడు దిద్దుకున్నది కొంత, అన్నీ కలిపితే నా తెలుగు.

ఈ నెలంతా సొంత ఇల్లు అనే విషయం మీద మాట్లాడిస్తున్నామని కార్యక్రమం నిర్వాహకులు చెప్పారు. ఇల్లు కట్టడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఇంటికి ముందు సంగతి చెబుతాను. నేల బాగుచేసుకోవటం. మా దీవిలో ఆ పనికి ఒక చరిత్ర ఉంది. మా ఇంట్లో పోయిన ఏడాది దాని మీద ఒక పెద్ద గొడవే జరిగింది. ఆ రెండూ కలిపి చెబుతాను.

పోర్ట్ లూయీ దాటి ఉత్తరంగా వెళితే రోడ్డుకి రెండు పక్కలా చెరకు. ఆ చెరకు మధ్యలో నల్లటి రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. కొన్ని మనిషెత్తు, కొన్ని రెండంతస్తుల మేడంత. కొన్ని పొడుగ్గా గోడల్లా చేనంతా సాగి ఉంటాయి. వీటిని మేం మిరాయ్ అంటాం. ఫ్రెంచిలో గోడ అనే మాట నుంచి వచ్చిన క్రియోల్ మాట. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మా దేశంలో జరిగాయి. వచ్చిన అతిథుల్లో కొందరిని బస్సులో తిప్పి ఊళ్ళు చూపించే పని నాకు పడింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, "మాస్టారూ, ఆ గుట్టలేమిటండీ, సమాధులా?" అని అడిగారు. "కాదండీ, ఇవన్నీ మా పెద్దవాళ్ళు పొలాలు బాగుచేస్తూ ఏరి పోసిన రాళ్ళు" అన్నాను. బస్సంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది. ఎందుకంటే "అన్నీ" అన్న మాట తప్పు.

మారిషస్ అగ్నిపర్వతం కక్కిన రాతి మీద ఉన్న దీవి. చాలాచోట్ల నేల కింద బసాల్టు పలక, దాని మీద మట్టి, ఆ మట్టి నిండా గుండ్రాళ్ళు. చెరకు వెయ్యాలంటే ముందు రాళ్ళు తియ్యాలి. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి పట్టుకొచ్చిన బానిసల చేత తీయించారు. 1835లో బానిసత్వం రద్దయింది. అప్పటికే కూలి ఒప్పందాల మీద మనవాళ్ళని తేవటం మొదలైంది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ వచ్చింది, ఆ రోజుని ఇప్పటికీ సెలవు దినంగా పాటిస్తాం. తర్వాత ఎస్టేటు దొరలు ఆ కూలీల చేత తీయించారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బుల్డోజర్లు వచ్చాయి. ఇవాళ రోడ్డు పక్కన కనిపించే బ్రహ్మాండమైన గుట్టల్లో యంత్రాలు పోసినవీ ఉన్నాయి. దక్షిణాన ప్లేన్ మాన్యాఁ దగ్గర మెట్లు మెట్లుగా పేర్చిన గుట్టలు కొన్ని ఉన్నాయి. అవి ఏదో ప్రాచీన నాగరికత కట్టిన పిరమిడ్లని రాసినవాళ్ళు కూడా ఉన్నారు! చెరకు చేలో రాళ్ళు ఏరినవాడి నడుం నొప్పి తెలియనివాళ్ళు అలాగే రాస్తారు మరి.

మరి మావాళ్ళవి ఏవి? ఒకటో రెండో ఆర్పాన్ల చిన్న చెక్క మధ్యన వంకరటింకరగా, ఒక తీరూ తెన్నూ లేకుండా, గుమ్మడి తీగో సొర తీగో పాకించి ఉండే గుట్టలు. ఆర్పాన్ అంటే ఇక్కడి పాత ఫ్రెంచి కొలత, మన నూట నాలుగు సెంట్లు. నా కథ అలాంటి ఒక గుట్టది.

ముందు ఒక పుక్కిటి పురాణం చెప్పాలి. మారిషస్‌లో ఏ భారత సంతతి ఇంట్లో అడిగినా ఇది చెబుతారు. భోజ్‌పురివాళ్ళూ చెబుతారు, తమిళులూ చెబుతారు, మేమూ చెబుతాం. ఓడ ఎక్కించే దళారి, "ఆ దీవిలో రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుంది" అని ఆశ పెట్టాడట. వచ్చినవాళ్ళు రాయి ఎత్తారట, కింద ఇంకో రాయి కనిపించిందట. ఏ దళారీ నిజంగా ఆ మాట అని ఉండడని నా అనుమానం. రాళ్ళు ఎత్తీ ఎత్తీ విసిగినవాళ్ళు తమ మీద తామే వేసుకున్న హాస్యం అది. అయినా మా నాయనమ్మ చెబితే నవ్వు వచ్చేది కాదు. ఆవిడ చెయ్యి చూపించి చెప్పేది. ఎడమచేతి ఉంగరం వేలు సగమే ఉండేది.

మా ముత్తాతగారి తండ్రి విశాఖపట్నం వైపు నుంచి 1860లలో వచ్చాడు. మా ఇంట్లో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తాం, అమ్మోరికి పెడతాం, రామభజన చేస్తాం. ఊరి పేరు పోయింది గాని దేవుడి పేరు మిగిలింది. మన తెలుగువాళ్ళని ఇక్కడ మొదట్లో కోరంగీలు అనేవాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది కదా, అక్కడ ఓడ ఎక్కారు కాబట్టి ఆ పేరు. 1839 తుఫానుకి ఆ రేవు దెబ్బతింది, పేరు మాత్రం సముద్రం ఇవతల చాలాకాలం బతికింది. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా ఈ దీవికి వచ్చిన కూలీలు ఇంచుమించు 5 లక్షలమంది. వాళ్ళు దిగిన మెట్లని, ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మగవాడికి నెలకి 5 రూపాయల జీతం, తిండిగింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ఒప్పందం ముగిసిపోయినవాణ్ణి పాత వలసదారు అనేవాళ్ళు. అతనైనా స్వేచ్ఛగా ఉన్నాడా అంటే లేదు. 1867లో ఒక చట్టం తెచ్చారు. పాత వలసదారు తన ఫొటో అంటించిన టిక్కెట్టు దగ్గర పెట్టుకు తిరగాలి. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే దేశదిమ్మరి అని జైల్లో వేస్తారు. వేలమందిని అలా పట్టుకున్నారు. అదొల్ఫ్ ద ప్లేవిట్జ్ అనే ఒక తెల్లదొర, ఆయనా తోటల మనిషే, ఆ అన్యాయం మీద 1871లో ఒక అర్జీ తయారుచేశాడు. దాని మీద 9,401 మంది పాత వలసదారులు సంతకాలు పెట్టారు. 1872లో ఇంగ్లండు నుంచి రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది.

ఇదంతా ఇంటి స్థలం కథలో ఎందుకంటారేమో. మనిషికి సొంత చోటు ఎందుకు కావాలో అప్పుడే అర్థమవుతుంది. ఎస్టేటు లైన్లలో, అంటే కూలీల వరస గుడిసెల్లో, ఉన్నంతకాలం పని మానేస్తే ఇల్లు కూడా పోతుంది. నాది అని చూపించుకునే నేల ఉంటే దొర దగ్గర తల ఎత్తి కూలి బేరమాడవచ్చు.

ఆ నేల ఎలా దొరికింది? 1870ల చివరి నుంచి ఐరోపాలో బీట్‌రూట్ పంచదార పోటీకి వచ్చి చెరకు పంచదార ధర పడిపోయింది. ఎస్టేట్లు అప్పుల్లో కూరుకుపోయాయి. డబ్బు కోసం దొరలు భూములు ముక్కలు చేసి అమ్మటం మొదలుపెట్టారు. దీన్ని మా చరిత్రలో గ్రాఁ మోర్సెల్‌మాఁ అంటారు, పెద్ద పంపకం అన్నమాట. మంచి భూములు అమ్ముతారా? అంచుల్లో ఉన్నవి, నీరందనివి, మిల్లుకి దూరంగా ఉన్నవి, రాళ్ళతో పనికిరాకుండా పడున్నవి అమ్మారు. కొన్నది ఎవరయ్యా అంటే పాలు అమ్మి, కూరలు అమ్మి, చీటీలు కట్టి పైసా పైసా కూడబెట్టిన కూలీలు, మేస్త్రీలు. వాయిదాల మీద కొన్నారు. వాయిదా తప్పితే కట్టిన సొమ్మూ నేలా రెండూ పోయేవి.

మా ముత్తాత 1890లలో రివియేర్ ద్యు రాంపార్ జిల్లాలో రెండు ఆర్పాన్లు కొన్నాడు. దస్తావేజు మా ఇంట్లో ఉంది. ఫ్రెంచిలో రాసి ఉంది. 1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గెలుచుకున్నా ఫ్రెంచి చట్టాలని కదపలేదు. అందుకని తెలుగు కూలివాడు ఇంగ్లీషు ప్రభుత్వంలో ఫ్రెంచి కాయితం మీద గుర్తు పెట్టాడు. నాలుగు దిక్కుల హద్దులు, కొలత, ధర, వాయిదాలు అన్నీ ఉన్నాయి. రాళ్ళ మాట ఒక్కటీ లేదు! ఆ కాయితం చదివితే చదునైన నేల కొన్నాడనుకుంటారు.

ఇక రాళ్ళు తియ్యటం. ఇది నాయనమ్మ నాకు చెప్పింది. ఆవిడకి ఆవిడ అత్తగారు చెప్పింది. ఆవిడ కాపరానికి వచ్చేనాటికి కూడా ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. అంటే ముప్ఫై ఏళ్ళ పని.

పగలు ఎస్టేటులో కూలి. జూన్ నుంచి డిసెంబరు దాకా చెరకు నరికే కాలం, అప్పుడు ఊపిరాడదు. మిగిలిన నెలల్లో ఆదివారాలు, సాయంత్రాలు, వెన్నెల రాత్రులు సొంత నేలకి. మొదట పొదలు కొట్టాలి. ఇక్కడ ఒక ముళ్ళ పొద ఉంది, మీకూ తెలుసు, లాంటానా. క్రియోల్‌లో దాన్ని వియేయ్ ఫీ, ముసలి కన్య, అంటారు. ఎంత కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. దాన్ని వేళ్ళతో సహా పెకలించి ఎండబెట్టి తగలబెట్టేవాళ్ళు. పొద పోతే అప్పుడు బయటపడతాయి రాళ్ళు. నేల ఇంత గరుగ్గా ఉందని అప్పటిదాకా తెలియదు. కొన్ననాడు ముత్తాతకీ తెలియదట. పొదలు కొట్టాక మూడో ఆదివారం మా ముత్తవ్వ గట్టు మీద కూర్చుని ఏడ్చిందట. విశాఖ జిల్లా వరిమడుల నుంచి వచ్చిన కుటుంబం. కలుపు తీసి, నాట్లు వేసి, గెనాలు చెక్కి బతికినవాళ్ళు. ఆ చేతులకి ఈ రాళ్ళు కొత్త.

నాయనమ్మ రాళ్ళని లెక్కపెట్టే పద్ధతి నాకు ఇష్టం. "ఆడదాని రాయి, ఇద్దరి రాయి, దేవుడి రాయి" అనేది. ఆడదాని రాయి అంటే బుట్టలో వేసి తల మీద చుట్టకుదురు పెట్టి మోసేది. పిల్లలూ ఆ జాతిలోకే వస్తారు, వాళ్ళకి పిడికెడు రాళ్ళ వంతు. ఇద్దరి రాయి అంటే గునపం కింద పెట్టి ఒకరు ఎత్తుతూ ఉంటే ఇంకొకరు దొర్లించేది. నాయనమ్మ వేలు పోయింది అలాంటి రాయి కిందే. గునపం జారింది. దేవుడి రాయి కదలదు. దాని మీద ఎండుపుల్లలు పేర్చి రాత్రంతా మంట పెట్టి, తెల్లవారి చల్లటి నీళ్ళు కొడితే పగులు ఇస్తుంది. ఇస్తే అదృష్టం. ఇవ్వకపోతే దానికి పసుపు కుంకుమ పెట్టి వదిలేసి చుట్టూ చెరకు నాటుకునేవాళ్ళు. మా చేలో అలాంటి దేవుడు ఒకడు ఇప్పటికీ ఉన్నాడు.

ఏరిన రాయి ఎక్కడ పొయ్యాలి? చేను అంచుకి మోస్తే దూరం. మధ్యలో పోస్తే దగ్గర గాని అంత మేర నేల పోతుంది. గుట్ట సన్నగా ఎత్తుగా పోస్తే నేల మిగులుతుంది, కాని రాయి పైకి ఎక్కించటానికి ఒళ్ళు హూనమవుతుంది. ప్రతి గుట్టా ఈ బేరసారాల్లోంచి లేచిందే. గుట్టలో కూడా నేల వృథా పోనిచ్చేవాళ్ళు కాదు, మొదట్లో గుమ్మడి గింజ పెట్టి తీగ గుట్ట మీదకి పాకించేవాళ్ళు. పక్కన కందిమొక్కలు. రాళ్ళ సందుల్లో ఎలుకలు చేరేవి. వాటి కోసం 1900లో ప్రభుత్వం ముంగిసలని తెప్పించి వదిలింది, ఆ ముంగిసలూ ఆ గుట్టల్లోనే చేరాయి, తర్వాత కోళ్ళని పట్టుకుపోయాయి. అది వేరే కథ.

ఇల్లు ఎక్కడ వేసుకున్నారో వినండి. మీలో ఎవరైనా ఊళ్ళో పొలం కొని ఇల్లు కట్టాలనుకుంటే మంచి చోటు వెతుకుతారు. మా ముత్తాత అన్నిటికంటే చెడ్డ చోటు వెతికాడు. "మంచి మట్టి చెరకుకి, చెడ్డ మట్టి మనకి." జానెడు లోతులో బండ తగిలేచోట గునపం దిగదు, చెరకు ఎదగదు, అక్కడ ఇల్లు. బండ మీద ఏరిన రాళ్ళతోనే రెండడుగుల అరుగు పేర్చి, మట్టి నింపి, పేడతో అలికి, పైన చెరకు ఆకు కప్పారు. లాకాజ్ లాపాయ్, గడ్డి ఇల్లు. పునాది తవ్వే పని లేదు, వానకి కుంగదు, నీళ్ళు నిలవవు.

నీళ్ళు నిలవకపోవటం చిన్న సంగతి కాదు. 1866 నుంచి మూడేళ్ళు ఈ దీవిలో మలేరియా వేలమందిని తినేసింది, 1867లో పోర్ట్ లూయీలో పూడ్చటానికి మనుషులు చాలలేదు. మన సికింద్రాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ ఉన్నాడే, ఆయన 1907 నవంబరులో ఇక్కడికి వచ్చాడు. మూడు నెలలు వాగులు, మడుగులు తిరిగి చూసి 1908లో పెద్ద నివేదిక రాశాడు. గుంటలు పూడ్చండి, చెత్త పేరుకున్న వాగులు బాగుచేసి నీరు పారనివ్వండి అన్నది అందులో ముఖ్యమైన సలహా. రాయి పెకలించినచోట గుంట పడుతుంది, వాన పడితే మడుగవుతుంది. మా ముత్తవ్వ ఏ రాయి తీసినా ఆ గుంటలో మట్టి పోసి కాలితో తొక్కేదాకా రెండో రాయి ముట్టుకోనిచ్చేది కాదట. ఆవిడకి రాస్ పేరు తెలియదు. ఆవిడకి ఇద్దరు పిల్లలు చలిజ్వరంతో పోయారు.

గడ్డి ఇల్లు 1960 దాకా నిలిచింది, మధ్యలో చాలాసార్లు కప్పు మార్చారు. 1960 జనవరిలో అలిక్స్ అనే తుఫాను వచ్చింది. దాని దెబ్బకి కట్టుకున్న కప్పు ఇంకా ఆరనేలేదు, ఫిబ్రవరి 27, 28 తేదీల్లో కారొల్ వచ్చింది. నాకు పదేళ్ళు. ఆ గాలి శబ్దం చెప్పటానికి నాకు మాట లేదు. కప్పు ముందు పోయింది, తర్వాత ఒక గోడ. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తుఫాను కన్ను మా మీద నుంచి పోతోంది. పక్కింటివాళ్ళు అయిపోయిందనుకుని బయటికి వచ్చి సామాను ఏరుకుంటున్నారు. మా నాన్న అరిచి వాళ్ళనీ మమ్మల్నీ కూడా గుట్టకి ఆనించి రాళ్ళతో కట్టిన ఆవుల కొట్టంలోకి తోశాడు. రెండోవైపు నుంచి గాలి మళ్ళీ మొదలైంది. రెండు కుటుంబాలు, మూడు ఆవులు, ఒక రాత్రి. ఆ తుఫానులో 40 మందికి పైగా చనిపోయారు, దీవి మొత్తం మీద గడ్డి ఇళ్ళు, రేకుల ఇళ్ళు లెక్కలేనన్ని పోయాయి. తర్వాత మా దేశం కాంక్రీటుకి మళ్ళింది. మా నాన్న కూడా అదే బండ మీద కాంక్రీటు గది వేశాడు, డబ్బు దొరికినప్పుడల్లా ఇంకో గది. 1975లో జెర్వేజ్ తుఫాను గంటకు 280 కిలోమీటర్ల గాలితో వస్తే ఆ ఇల్లు కదల్లేదు.

ఇప్పుడు గొడవ సంగతి.

2006 నుంచి 2009 లోపల ఐరోపా సంఘం మా పంచదారకి ఇచ్చే ధర 36 శాతం తగ్గించింది. చిన్న రైతులకి చెరకు గిట్టుబాటు కాకుండా పోయింది. చాలామంది చేలు వదిలేశారు. మా తమ్ముడు కూడా వదిలేశాడు. వదిలిన మూడేళ్ళకి ముసలి కన్య తిరిగి వచ్చింది! ముత్తాత పెకలించిన పొదే, అదే చోట. పోయిన ఏడాది మా తమ్ముడి మనవడు అక్కడ ఇల్లు కట్టుకుంటానన్నాడు. ఇక్కడ ఇళ్ళ స్థలాలు త్వాజుల్లో కొలుస్తారు, ఒక త్వాజ్ అంటే మన నాలుగున్నర చదరపు గజాలు. వాడికి 100 త్వాజులు రాశాడు మా తమ్ముడు. చెరకు భూమిని ఇంటి స్థలంగా మార్చటానికి ఒక అనుమతి, కట్టడానికి వేరే అనుమతి కావాలి. అవి తెచ్చుకున్నాడు. చిక్కల్లా ఏమిటంటే ఆ 100 త్వాజుల్లో సగం మేర రాళ్ళ గుట్టే ఉంది.

కాంట్రాక్టరు వచ్చి చూసి ఒక బేరం పెట్టాడు. "రాళ్ళన్నీ నాకిచ్చేయండి, పొదలు కొట్టి నేల చదును చేసే డబ్బు తీసుకోను" అన్నాడు. ఎందుకంటే 2001 నుంచి మా దగ్గర సముద్రపు ఇసుక తవ్వటం నిషేధం. ఇళ్ళకి కావలసిన ఇసుకంతా ఈ బసాల్టు రాళ్ళని మరలో వేసి పిండి చేసిందే. గుట్టకి గిరాకీ ఉంది. మనవడికి సంతోషం. నాకు కోపం వచ్చింది. "మీ ముత్తాత తాత తల మీద మోసిన రాళ్ళురా అవి, మరలో వేయిస్తావా?" అన్నాను. వాడు మర్యాదగానే చెప్పాడు. "తాతా, నువ్వు పోర్ట్ లూయీ పక్కన ఉంటున్నావు. ఏడాదికి రెండుసార్లు వచ్చి గుట్టని చూసి పోతావు. నేను అందులో ఎలుకలతో కాపరం చెయ్యాలి."

నేను వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

అప్పుడు సర్వేయరు వచ్చాడు. ఇక్కడ అందరూ వినాలి, ముఖ్యంగా ఊళ్ళో స్థలం కొని విదేశాల్లో ఉంటున్నవాళ్ళు. ముందు సర్వే, తర్వాతే శుభ్రం చెయ్యటం. జెసిబి ముందు వచ్చిందంటే హద్దురాయి ఏ బుట్టలో పోయిందో ఎవరికీ తెలియదు. తర్వాత పక్కవాడితో జీవితమంతా కోర్టులే. మా సర్వేయరు దస్తావేజు చూసి, మూడు మూలల రాళ్ళు దొరకబుచ్చుకుని కొలత వేశాడు. నాలుగోది గుట్టలో ఉండాలన్నాడు. గుట్ట అంచున కాదు, నడిబొడ్డున. మేం నమ్మలేదు. గుట్ట మాదని మేం, మాదేనని పక్కవాళ్ళు, నూరేళ్ళుగా ఎవరికీ అనుమానం లేదు. ఇద్దరు మనుషుల్ని పెట్టి చేత్తో రాళ్ళు తీయించాడు. మూడోరోజు సాయంత్రం అడుగున దొరికింది, చెక్కిన రాయి, పైన గీత. గుట్టలో సగం మాది, సగం పక్కవాళ్ళది.

పక్కవాళ్ళు భోజ్‌పురివాళ్ళు. వాళ్ళ పెద్దలు మా ముత్తాతతో పాటే అదే పంపకంలో పక్క ముక్క కొన్నారు. కారొల్ రాత్రి కొట్టంలో మాతో ఉన్నది వాళ్ళే. వాళ్ళింటి పెద్దావిడకి ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని వచ్చి హద్దురాయి చూసి, "ఇందులో వింతేముంది? మీవాళ్ళు ఆ పక్క నుంచి పోశారు, మావాళ్ళు ఈ పక్క నుంచి పోశారు. హద్దు మీద పోస్తే ఇద్దరికీ సగం నేలే కదా పోయేది" అంది. అప్పుడు గుర్తొచ్చింది, నాయనమ్మ రాళ్ళ కథ చెప్పినప్పుడల్లా "వాళ్ళ రాళ్ళు, మన రాళ్ళు" అనేది. వాళ్ళెవరని నేను ఒక్కసారీ అడగలేదు. బస్సులో అతిథులకి చెప్పినప్పుడూ ఆ సగం నాకు తోచలేదు. తెలుగు బడిపంతుల్ని కదా, గుట్టని కూడా తెలుగులోనే చదివాను.

మరి రాళ్ళు? ఆవిడ కొడుక్కి కూతురి చదువుకి డబ్బు కావాలి. తన సగం అమ్మేస్తానన్నాడు. వాళ్ళ సగం పోతే మా సగం ఒరిగి మనవడి ఇంటి మీద పడుతుందన్నాడు సర్వేయరు. నా దగ్గర ఇంక వాదన మిగల్లేదు. చివరికి మనవడే ఒక దారి చెప్పాడు. పై రాళ్ళు అమ్మేశారు. అడుగు వరసలు మాత్రం హద్దు పొడుగునా నడుమెత్తు గోడగా పేర్పించాడు, సిమెంటు లేకుండా, పాతకాలం పద్ధతిలో. అలా పేర్చటం వచ్చిన మనిషిని వెతకటానికి నెల పట్టింది. ఆ ఖర్చుకి కాంట్రాక్టరు మాఫీ చేసిన సొమ్ము సరిపోయింది.

గుట్ట లేచాక కింద ఏముందో చూడాలని పిల్లలందరూ చేరారు. విరిగిన గునపం ములుకు ఒకటి, రెండు సీసా పెంకులు, చిక్కటి ఎర్రమట్టి. నూట ఇరవై ఏళ్ళుగా ఎవరూ తొక్కని మట్టి, వేలు పెడితే దిగుతోంది. ఇంజనీరు దాన్ని చూసి ఇది ఇంటికి పనికిరాదు, గట్టి నేల తగిలేదాకా తవ్వి తీసేయాలన్నాడు. మనవడు ఇంటిని కొంచెం ఇవతలకి, ముత్తాత బండ వైపుకి జరిపాడు. అక్కడ రెండడుగులకే పునాది నిలిచింది. పునాదికి పోసిన ఇసుక మరలోంచి వచ్చింది. ఎవరి గుట్టదో మరి, ఇసుకలో తెలియదు.

ఆ ఎర్రమట్టి అలాగే ఉంది. పక్కింటి పెద్దావిడ తన వైపు గోడ మొదట్లో సొర గింజ పెట్టింది. తీగ గోడెక్కి మా వైపుకి వాలింది. మొన్న వెళితే మా వైపు ఒక కాయ వేలాడుతోంది, మోచెయ్యంత పొడుగు. కోస్తే ఎవరు కొయ్యాలని మనవడి భార్య నన్ను అడిగింది. పెద్దావిడనే అడగమన్నాను. ఆవిడ ఇంకా ముదరనీ అందిట, విత్తనానికి.